కరిగే స్టెంట్‌కు పూతే ప్రాణం

గుండె రక్తనాళంలో పూడిక తొలగించి స్టెంట్ వేశాక, ఆ నాళానికి దన్ను కావలసింది కొన్ని నెలలే. గాయం మానాక లోహపు జాలీతో పని ఉండదు. అయినా అది జీవితాంతం లోపలే ఉండిపోతుంది. పని కాగానే కరిగిపోయే స్టెంట్ కోసం వైద్యులు ఎదురుచూడటంలో తప్పేమీ లేదు. కానీ ఆ ఎదురుచూపుకు రోగులు చెల్లించిన మూల్యం మనం మరచిపోకూడదు.

అబాట్ కంపెనీ తెచ్చిన కరిగే స్టెంట్ అబ్సార్బ్, పాలీలాక్టిక్ ఆమ్లమనే పాలిమర్‌తో తయారైంది. లోహమంత బలం దానికి లేదు కాబట్టి తీగలను సుమారు 150 మైక్రాన్ల మందంతో చేయాల్సి వచ్చింది. అదే కంపెనీ లోహపు స్టెంట్‌లో తీగ మందం దాదాపు 80 మైక్రాన్లే. ఏడాది ఫలితాలు ఫర్వాలేదనిపించడంతో 2016 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. రెండేళ్ల లెక్క వచ్చేసరికి పరిస్థితి మారింది. గుండెకు సంబంధించిన తీవ్ర సమస్యలు అబ్సార్బ్ వేయించుకున్నవారిలో 11 శాతం, లోహపు స్టెంట్ వారిలో 7.9 శాతం. 2017 సెప్టెంబరులో కంపెనీయే అమ్మకాలు ఆపేసింది. ఏడాది గడువుతో తీర్పు చెప్పడమే అసలు పొరపాటని నా అభిప్రాయం. మూడేళ్లకు కరిగే వస్తువును ఏడాదికే ఎలా తూచగలం?

ఇప్పుడు ఆశంతా మెగ్నీషియం మీద ఉంది. పాలిమర్ కంటే గట్టిది, శరీరానికి పరిచయమున్న మూలకం. దాని చిక్కు వేగం. మెగ్నీషియం ముక్కను ఉప్పునీటిలో వేస్తే చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి, అది హైడ్రోజన్. పైన ఏర్పడే హైడ్రాక్సైడ్ పొర కొంత కాపాడుతుంది గానీ, రక్తంలోని క్లోరైడ్ ఆ పొరనూ కరిగిస్తుంది. పూత లేకపోతే నాళం మానేలోపే జాలీ బలం పోతుంది.

అందుకే ఇక్కడ పూతే నిర్ణాయకం. ఫ్లోరైడ్ పొర, ఎముకలో ఉండే హైడ్రాక్సీఅపటైట్, విద్యుత్తుతో పెంచే ఆక్సైడ్ పొర వంటివి పరిశోధనలో ఉన్నాయి. 2016లో ఐరోపా అనుమతి పొందిన బయోట్రానిక్ కంపెనీ మాగ్మారిస్ మెగ్నీషియం స్టెంట్‌పై సిరోలిమస్ మందు కలిపిన పాలీలాక్టిక్ పూత ఉంది. ఈ పూత కూడా ఊరికే ఉండదు. విచ్ఛిన్నమవుతూ లాక్టిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆమ్లం మెగ్నీషియాన్ని తినేస్తుంది, మెగ్నీషియం కరగగా వచ్చే క్షారం ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఈ రెండింటి పొత్తు కుదరడమే అసలు విద్య.

ప్రయోగశాలల్లో చాలా పూతలను చదునైన రేకు మీద పరీక్షిస్తారు. స్టెంట్ అలా ఉండదు. బెలూన్ మీద నలిపి బిగిస్తారు, నాళంలో ఉబ్బిస్తారు. వంపుల దగ్గర లోహం సాగుతుంది. గట్టి ఆక్సైడ్ పొర అక్కడే పగులుతుంది. రంగు గీరుకుపోయిన చోటే ఇనుప గేటును తుప్పు తొలిచినట్టు, రసాయన దాడి మొత్తం ఆ పగులులోకి చేరుతుంది. పూతలేని స్టెంట్ అంతటా కరిగితే, పగిలిన పూత ఉన్నది ఒకే చోట తెగే ప్రమాదం ఉంది. కాబట్టి నలిపి, ఉబ్బించి, ఆ తర్వాత చేసిన పరీక్షనే లెక్కలోకి తీసుకోవాలి. రేకు మీది అంకెలకు అనుమతి దస్తావేజులో విలువ ఇవ్వకూడదు.

ఇక ధర సంగతికొస్తే, స్టెంట్ల ధరకు మన దేశం కళ్లెం వేసింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మందు పూత స్టెంట్‌నూ, కరిగే స్టెంట్‌నూ ఒకే గరిష్ఠ ధర 29,600 రూపాయలకు చేర్చింది. సామాన్యుడికి ఎంతో మేలు చేసిన నిర్ణయమది. అబ్దుల్ కలాం, హైదరాబాద్ హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి చవక స్టెంట్ రూపొందించిన గడ్డ మనది, ధర విలువ మనకు తెలుసు. కానీ ధర తగ్గితే పూత నాణ్యత రుజువైనట్టు కాదు.

ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ వైద్య పథకాల కింద ఎందరికో గుండె చికిత్సలు అందుతున్నాయి. కరిగే స్టెంట్ వేసినప్పుడల్లా దాని రకం, పూత, బ్యాచ్ సంఖ్య రోగి కార్డులో రాసి ఇవ్వాలి. వాళ్లను ఐదేళ్లపాటు పిలిపించి చూసి, ఫలితాలను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఏటా బయటపెట్టాలి.