లో హ్యాంగింగ్ ఫ్రూటూ, మా రావులపాలెం అరటి గెలా

సంక్రాంతికి రావులపాలెం వెళ్ళాను. మా అక్కావాళ్ళిల్లు అక్కడే. భోగి రోజు మధ్యాహ్నం ఆత్రేయపురం పూతరేకులు తింటూ కూర్చుంటే, మా మేనల్లుడు ఓ మూల ఫోను పట్టుకుని ఏదో జపం చేస్తున్నాడు. వాడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఇంటర్వ్యూల భయం మొదలైంది. ఏంట్రా అంటే "ఇడియమ్స్ మావయ్యా, వెయ్యున్నాయి. పండగయ్యేలోపు అయిపోవాలి" అన్నాడు. ఎవరో పీడీఎఫ్ పంపారట. ఎడమ పక్క ఇడియం, కుడి పక్క దాని అర్థం. అంతే.

చూద్దామని ఫోను లాక్కుని, మన ఆఫీసుల్లో రోజుకి పదిసార్లు వినబడేది ఒకటి అడిగాను. "లో హ్యాంగింగ్ ఫ్రూట్ అంటే?" వాడు కాసేపు ఆలోచించి "నాసిరకం పని. ఆఖర్న చేసుకున్నా పర్లేదు అనేది" అన్నాడు. సరిగ్గా తిరగబడిన అర్థం. తేలిగ్గా అయిపోయేది, ముందు చేసెయ్యాల్సింది అని కదా మనం వాడేది. అలా ఎందుకనుకున్నావురా అంటే వాడు చెప్పిన జవాబు ఇదీ:

"గెలకి కింద అత్తాలే కదా మావయ్యా చిన్న కాయలు? పై అత్తాలు బలంగా ఉంటాయి, కిందకొచ్చేసరికి పిందెలే."

నాకు నోట మాట రాలేదు. వాడు పుట్టి పెరిగింది అరటి మార్కెట్టున్న ఊళ్ళో. తెల్లారేసరికి సైకిళ్ళ మీదా, వ్యాన్ల మీదా వచ్చే కర్పూరం, చక్కెరకేళి గెలలు చూస్తూ స్కూలుకెళ్ళినవాడు. అరటి చెట్టుకి ఎవరూ నిచ్చెన వెయ్యరు. గెల మొత్తం ఒక్కసారే నరుకుతారు. అందులో అన్నిటికంటే కిందున్న కాయ అన్నిటికంటే చిన్నది. ఇంగ్లీషు మాటేమో పళ్ళతోటలది. యాపిల్ లాంటి చెట్లకి పై కొమ్మల కాయలు కొయ్యాలంటే నిచ్చెన కావాలి, కింది కొమ్మలవి నించునే కోసుకోవచ్చు. ఆ మాట పుట్టిన చెట్టు వేరు, వీడి కళ్ళ ముందున్న చెట్టు వేరు. ఆ సంగతి చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది. వాడు ఇంక జన్మలో మర్చిపోడు. పీడీఎఫ్ తయారుచేసినవాళ్ళు ఆ అర నిమిషం ఖర్చు పెట్టలేదు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లలకి ఇలాంటి మాటలు నేర్పితే అవి ఎక్కడ పుట్టాయో కలిపి నేర్పాలి. పుట్టుక చెప్పే ఓపిక లేకపోతే అసలు ఆ మాటే నేర్పకుండా వదిలెయ్యడం నయం. వెయ్యి మాటలు బట్టీ కొట్టినవాడికంటే యాభై మాటల కథ తెలిసినవాడు కాల్‌లో ధైర్యంగా నోరు విప్పుతాడు.

ఇది ఊరికే అనడం లేదు. నేను దెబ్బ తిన్నవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఓ శుక్రవారం రాత్రి అమెరికా క్లయింటుతో కాల్. మేం కష్టపడి తయారుచేసిన ఓ డిజైను గురించి మాట్లాడుతుంటే ఆయన "లెట్స్ టేబుల్ దిస్" అన్నాడు. మా అందరికీ మహదానందం. పార్లమెంటులో బిల్లు టేబుల్ చేశారని పేపర్లో చదువుతూ పెరిగినవాళ్ళం కదా! చర్చకి పెడదామంటున్నాడనుకుని నలుగురం శని, ఆదివారాలు ఆఫీసులోనే పడుకుని నలభై పేజీల డాక్యుమెంటు తయారుచేశాం. సోమవారం పంపిస్తే ఆయన పాపం ఎంతో మర్యాదగా "దీన్ని పక్కన పెట్టేద్దాం అనుకున్నాం కదా" అని జవాబిచ్చాడు. అమెరికాలో టేబుల్ చెయ్యడమంటే ప్రస్తుతానికి వాయిదా వెయ్యడం. మా నలుగురిలో ఒకతను ఆ ఆదివారం చెల్లెలి పెళ్ళిచూపులు మానుకుని వచ్చాడు. అతను ఇప్పటికీ కలిసినప్పుడల్లా ఆ సంగతి ఎత్తుతాడు.

రెండిట్లోనూ ఉన్నది ఒకే బల్ల. సభ ముందు బల్ల మీద కాగితం పెట్టడం. బ్రిటిష్‌వాళ్ళు "పెట్టాం, ఇక మాట్లాడుకుందాం" అన్నారు, అమెరికన్లు "పెట్టాం, ఇక అక్కడే ఉండనీ" అన్నారు. ఈ కథ ఒక్కటి ముందే ఎవరైనా చెప్పుంటే, మాకు కనీసం "ఏ అర్థంలో అంటున్నారండీ?" అని అడగాలన్న అనుమానమైనా వచ్చేది. మేమే కాదులెండి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఇదే మాట మీద చాలాసేపు గట్టిగా వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. ఇద్దరికీ కావలసింది ఒకటేనని తర్వాత తెలిసిందట. ఇంగ్లీషు తల్లిభాష అయినవాళ్ళకే ఇంత గొడవైతే రావులపాలెం కుర్రాడి సంగతేంటి?

మళ్ళీ ఇంటికొద్దాం. నేను ఈ టేబుల్ కథ మొదలుపెట్టగానే మేనల్లుడు ఆవలించి "సుత్తి కొట్టకు మావయ్యా" అన్నాడు. దొరికాడు! సుత్తి అనే మాట ఎక్కణ్ణించొచ్చిందిరా అన్నాను. తెల్లమొహం వేశాడు. 1982లో జంధ్యాల తీసిన "నాలుగు స్తంభాలాట" సినిమాతో విసిగించే కబుర్లకి సుత్తి అనే పేరు ఊరూరా పాకింది. అందులో నటించిన వీరభద్రరావు, వేలు ఇద్దరికీ సుత్తి అన్నది ఇంటిపేరైపోయింది. జంధ్యాల పుట్టింది ఎక్కడో కాదు, గోదారికి ఆ పక్క నరసాపురంలో. వీడు పుట్టకముందు వచ్చిన సినిమా, వీడు చూడని సినిమా, రోజుకి పదిసార్లు వీడి నోట్లో ఉంది. తలకి దెబ్బ తగిలినట్టుండే కబుర్లు అన్న బొమ్మ కళ్ళ ముందు కొచ్చాక వాడే అన్నాడు, "అందుకేనా కొట్టకు అంటాం, చెప్పకు అనం!" ఇదే నేను చెప్పేది. పుట్టుక తెలిస్తే పక్కన ఏ క్రియ రావాలో కూడా దానంతటదే తెలుస్తుంది.

బెల్జియంలో ఫ్రాంక్ బోర్స్ అనే భాషా పరిశోధకుడు, ఆయన సహచరులు కాలేజీ పిల్లల మీద ఇదే పరీక్షించి 2004లో ప్రచురించారు. ఇడియం మొదట ఏ రంగంలో పుట్టిందో, అంటే ఓడల్లోనా, ఆటల్లోనా, యుద్ధంలోనా అన్నది ఆలోచించి తెలుసుకున్న పిల్లలకి అది బాగా గుర్తుంటోందని తేలింది. అర్థం ఒక్కటే చదివితే తలలో మిగిలేది అక్షరాలు. పుట్టుక కూడా వింటే ఓ బొమ్మ మిగులుతుంది.

ఉదాహరణకి మన ప్రాణాలు తోడేసే డెడ్‌లైన్. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో గోడకి లోపలగా ఓ గీత ఉండేది. ఖైదీ దాన్ని దాటితే కాపలావాడు కాల్చెయ్యచ్చు. ఆ గీత పేరు డెడ్‌లైన్. తర్వాత 1920 ప్రాంతాల్లో అమెరికా పత్రికాఫీసుల్లో అది గడువనే అర్థంలో స్థిరపడింది. ఇది తెలిశాక మా మేనేజరు డెడ్‌లైన్ అన్నప్పుడల్లా నాకు తుపాకీ కూడా కనబడుతోంది, అది వేరే సంగతి :)

ఇప్పుడు అసలు అభ్యంతరాలకొద్దాం. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఓ మిత్రుడితో కనుమ నాడు ఈ మాటంటే ఆయన నవ్వి "గురూగారూ, క్లాసులో అరవై మంది, నలభై ఐదు నిమిషాల పీరియడు. పరీక్షలో అడిగేది అర్థం, పుట్టుపూర్వోత్తరాలు కాదు" అన్నాడు. నిజమే. కానీ అదే పీరియడులో ఆయన ఇరవై మాటలు బోర్డు మీద రాయిస్తున్నాడు, పిల్లలు నెల తిరక్కుండా పద్దెనిమిది మర్చిపోతున్నారు. ఇరవై బదులు నాలుగు చెబితే పోయేదేముంది?

ఆయన రెండో అభ్యంతరం మాత్రం బలమైనది. "సగం కథలు కట్టుకథలే కదా?" ఔను. మన వృత్తి మాట బగ్గే చూడండి. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ టూ యంత్రంలో ఓ పురుగు ఇరుక్కుందనీ, దాన్ని లాగ్‌బుక్కులో అంటించారనీ, అప్పట్నించే బగ్ అన్న మాట పుట్టిందనీ మనందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పురుగు నిజం, లాగ్‌బుక్కు నిజం, అది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మాట మాత్రం అప్పుడు పుట్టలేదు. అసలు సిసలు బగ్గు దొరకడం ఇదే మొదటిసారని ఆ పేజీలో సరదాగా రాశారంటేనే ఆ మాట అప్పటికే వాడుకలో ఉందని అర్థం. థామస్ ఎడిసన్ 1878 నాటి ఉత్తరంలోనే యంత్రాల చిన్న చిన్న లోపాల్ని బగ్స్ అన్నాడు. అలాగే "ది హోల్ నైన్ యార్డ్స్". మా అమ్మమ్మ కట్టిన తొమ్మిది గజాల చీరే దానికి మూలమని నేను చాలాకాలం గర్వపడ్డాను. మెషిన్‌గన్ తూటాల బెల్టు పొడవని ఇంకొకళ్ళు చెబుతారు. తీరా 1912 నాటి అమెరికా పేపర్లో అదే మాట ఆరు గజాలుగా దొరికింది. చీర కథా పోయింది, తుపాకి కథా పోయింది.

అయితే దీనికి మందు కథలు మానెయ్యడం కాదు, "నీకెలా తెలుసు?" అని అడగడం నేర్పడం. ఏ సంవత్సరంలో, ఏ కాగితం మీద మొదట కనబడింది అని. వాట్సాప్‌లో వచ్చినదల్లా నమ్మే ఈ రోజుల్లో ఇంగ్లీషు క్లాసులో ఆ ఒక్క అలవాటు అబ్బితే అదే పదివేలు. "ఇప్పుడు చాట్‌జీపీటీ ఉందిగా, అదే రాసిపెడుతుంది" అంటారేమో. అదీ అప్పుడప్పుడు కట్టుకథల్ని ఎంతో ధీమాగా చెబుతుంది. పైగా లైవ్ కాల్‌లో అవతలివాడు టేబుల్ అన్న మరుక్షణం తల ఊపాల్సింది మనమే.

ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. పుట్టుక తెలియకపోతే ఏ మాట ఎక్కడ అనకూడదో తెలియదు. ఓసారి మా టీములో ఓ కుర్రాడు కొత్త ప్రాజెక్టు మీద ఉత్సాహం చూపించాలని, క్లయింట్ల ముందు "మేమంతా కూల్ ఎయిడ్ తాగేశాం" అని ఇంగ్లీషులో అన్నాడు. ఎక్కడో విన్నాడు, బాగుందనుకున్నాడు. అవతల నిశ్శబ్దం. 1978 నవంబరులో గయానా దేశంలోని జోన్స్‌టౌన్‌లో ఒక మతగురువు మాట మీద తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది సయనైడు కలిపిన పానీయంతో. వాళ్ళలో చిన్నపిల్లలు ఎంతోమంది. తాగించింది చాలావరకు ఫ్లేవర్ ఎయిడ్ అనే వేరే రకమైనా పేరు మాత్రం కూల్ ఎయిడ్‌కి అంటుకుంది. కళ్ళు మూసుకుని ఎవరినో నమ్మేశామని చెప్పుకోవడం ఆ మాట. మెచ్చుకోలు కాదు సరికదా, ఆ చావులు గుర్తున్నవాళ్ళ ముందు అది చాలా మోటుమాట. ఆ కుర్రాడి పీడీఎఫ్‌లో కుడి పక్క ఏముండేదో ఊహించగలను: "ఒక ఆలోచనని పూర్తిగా నమ్ముట".

తమాషా ఏంటంటే, మన భాష నేర్చుకున్నప్పుడు తెల్లవాళ్ళు ఈ పొరపాటు చెయ్యలేదు. కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ అనే సైనికాధికారి 1868లో మద్రాసులో తెలుగు సామెతల పుస్తకం వేశాడు. అనువాదంతో సరిపెట్టకుండా, కావలసిన చోట సామెతకి వివరణ కూడా ఇచ్చాడు. కొండవీటి చాంతాడంటే పొడవైనది అని రాసుకుంటే పని అయిపోతుంది. కొండవీడులో బావులు లోతు, తోడాలంటే అంత తాడు కావాలి అనేది తెలిస్తే కదా క్యూ చూసి ఆ మాట అనబుద్ధయ్యేది! మేనేజరు మనల్నడక్కుండా క్లయింటుకి తేదీ ఒప్పేసుకుని వచ్చినప్పుడు మనం అగ్నిహోత్రావధాన్లుగారి తాంబూలాల డైలాగు కొడతాం. కన్యాశుల్కం తెలిసినవాడికి అందులో ఎంత కడుపుమంట ఉందో తెలుస్తుంది. మన మాటల్లో ఇంత ఊరూ, ఇంత చరిత్రా ఉన్నప్పుడు వాళ్ళ మాటల్లోనూ ఉంటుంది. అది చూపిస్తే ఇంగ్లీషంటే పై నుంచి ఊడిపడ్డ దేవభాష కాదనీ, అదీ ఎవరో రైతులూ, ఓడవాళ్ళూ, ఖైదీలూ వాడి వాడి అరగదీసిన భాషేననీ పిల్లలకి తెలుస్తుంది. సగం భయం అక్కడే పోతుంది.

అందుకని మీకో విన్నపం. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇంటర్వ్యూలకి చదువుతున్న పిల్లలుంటారు. వాళ్ళకి రెజ్యూమె దిద్దిపెట్టడంతో పాటు, మీరు ఆఫీసులో నిజంగా వినే మాటలు ఓ పది చెప్పండి. ముందు ఓ తెలుగు మాట పుట్టుక వాళ్ళనే అడగండి, తర్వాత ఇంగ్లీషుది మీరు చెప్పండి. మీకు రూఢిగా తెలియనిదైతే తెలియదనే చెప్పండి, వాళ్ళనే వెతకమనండి. గంట చాలు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే మా వాడు నన్ను స్కూటరు మీద హైవే దగ్గర దింపడానికి వస్తూ మార్కెట్టు ముందు ఆపాడు. గెలలు వరసగా పేర్చి ఉన్నాయి. కింద అత్తం చూపించి "ఇంటర్వ్యూలో లో హ్యాంగింగ్ ఫ్రూట్ అంటే, మా ఊళ్ళో దీనికి అర్థం వేరండీ అని చెబుతా మావయ్యా" అన్నాడు. చెప్పరా, తప్పకుండా చెప్పు అన్నాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు వెయ్యి ఇడియమ్స్ విని ఉంటారు గానీ, ఇది మాత్రం విని ఉండరు.