ఆగే రైలు కావాలి

బిట్రగుంట పేరెత్తితే చాలు, పెద్దవాళ్ళు లోకోషెడ్డు కథ మొదలుపెడతారు. బొగ్గింజన్లు, వాటి కూతలు, ఇంగ్లీషువాళ్ళ నాటి రైల్వే క్వార్టర్లు... వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కథలో ఆడవాళ్ళు ఎక్కడా కనిపించరు.

1899లో విజయవాడ నుంచి మద్రాసుకు రైలుమార్గం పడింది. ఆ 431 కిలోమీటర్లలో బిట్రగుంట ఇంచుమించు నడిమధ్య. ఆవిరి ఇంజను ఒక్కబిగిన అంతదూరం పోలేదు. నీళ్ళు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద తియ్యాలి, డ్రైవరూ ఫైర్‌మనూ దిగి నడుం వాల్చాలి. షెడ్డు అందుకే వచ్చింది, ఊరూ దానితోనే పెరిగింది. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ పని లేకపోయింది, షెడ్డు మూతపడింది.

అయితే అర్ధరాత్రి డ్యూటీకి పిలుపొస్తే లేచి పొయ్యి వెలిగించి, క్యారియర్ సర్దిందెవరు? బొగ్గుమసి పట్టిన బట్టలు బండకేసి ఉతికిందెవరు? ఆ చాకిరీ ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

ఇప్పుడు కూడా ఊరి కోసం ఏం అడగాలన్నా ఫ్యాక్టరీ అంటారు, పాత వైభవం అంటారు. రావాలి, వద్దనను. కానీ ముందు అడగాల్సింది మన వేళలకు ఆగే రైళ్ళని నా అభిప్రాయం. కావలి, నెల్లూరు కాలేజీలకు పోయే ఆడపిల్లలకూ, నెల్లూరు ఆసుపత్రిలో చూపించుకోవాల్సిన గర్భిణులకూ రైలు ఎంత ఆసరానో మనకు తెలుసు. షుగరున్న పెద్దావిడ బస్సులో గంటసేపు బిగబట్టుకుని కూర్చోలేదు. రైల్లో బాత్రూం ఉంటుంది. ఇలాంటివి పైకి చెప్పుకోం గానీ, ప్రయాణం మానుకునేది వీటివల్లే.

చార్జీ సంగతీ అంతే. కరోనా తర్వాత ప్యాసింజరు రైళ్ళకు ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు. 10 రూపాయల కనీస టిక్కెట్టు 30 అయింది. మళ్ళీ 10కి దిగింది 2024 ఫిబ్రవరిలో. పోనురాను రోజుకు 40 రూపాయలు ఎక్కువంటే, బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముకునే మనిషికి ఆ పూట కూరగాయల ఖర్చు.

పాత ఇంజన్ల జ్ఞాపకాలు దాచుకోవాల్సిందే. కానీ మన వినతిపత్రంలో మొదటి వరసలో ఇవి రాద్దాం: కాలేజీ వేళకు ఆగే రైలు, చీకటి పడ్డాక ప్లాట్‌ఫారం చివరిదాకా లైట్లు, తాళం వెయ్యని శుభ్రమైన మరుగుదొడ్డి. మీ ఊరి స్టేషనుకూ ఈ మూడూ ఉన్నాయేమో ఒకసారి చూడండి.