ఉలి పట్టిన చేతికే కలం కావాలి

కోటివిద్యలు కూటికొరకే అన్నారు పెద్దలు. ఆ కోటివిద్యలలో కొన్ని తమను నమ్ముకొన్నవారికి కూటినీ, కీర్తినీ ప్రసాదించాయి. మరికొన్ని కీర్తిని ఊరికి ఒసగి, కళాకారునికి కూడు కూడా కరువు చేశాయి. మన పొరుగున ఉన్న బీదరు పట్టణపు బిద్రీ కళ ఈ రెండవ కోవలో చేరిపోతున్నదేమోనన్న ఆవేదనే నా చేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

బీదరు మనకు పరాయి ఊరు కాదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే. నేడు నడుమ రాష్ట్రపు సరిహద్దు ఉన్నా, రైలుమార్గం ఒకటే, బజారు ఒకటే, బంధుత్వాలు ఒకటే. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు గుల్బర్గానుండి రాజధానిని అక్కడికి మార్చిన పిమ్మట వేళ్ళూనిన ఈ కళ, హుక్కా కుదుళ్ళుగా, పాన్‌దానులుగా, సురాహీలుగా నవాబుల దివాణాలను అలంకరించింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ వైభవాన్ని నేటికీ చూడవచ్చును.

ఈ కళలోని ప్రక్రియను ఒక్కసారి కన్నులారా చూచినవారు కళాకారుని కేవలం కూలివాడని అనజాలరు. తుత్తునాగం హెచ్చుగా, రాగి స్వల్పంగా కలిపి కరిగించి, మట్టి అచ్చులో పోత పోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపుపై లతలను, పూలను సూదిమొనతో గీసి, సన్నని ఉలులతో చెక్కి, ఆ గాళ్ళలో వెండి తీగను గాని రేకును గాని పొదుగుతారు. తీగ పనిని తార్‌కషీ అనీ, రేకు పనిని తహనిషాన్ అనీ వ్యవహరిస్తారు. కడపట, ఎండవానలు సోకని కోటమట్టిని నవాసారంతో కలిపి, వేడిచేసిన వస్తువుపై పూయగా లోహం కాటుకవలె నల్లనవుతుంది; వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. మంచి మట్టిని పనివాడు నాలుకపై రుచి చూచి గుర్తిస్తాడు. ఏ పాఠ్యగ్రంథం ఈ విద్యను నేర్పగలదు?

కాలం మారింది. హుక్కాలు పోయినవి, దివాణాలు పోయినవి. నేడు బిద్రీ పనివారు లోలకులు, పతకాలు, ఉంగరాలు, చొక్కా బొత్తాములు చేయడానికి పూనుకొంటున్నారు. సురాహీ చేసిన చేయి చెవిలోలకు చేయడం కళకు దిగజారుడని కొందరు పెద్దలు విచారించడం నేనెరుగుదును. ఆ విచారంతో నేను ఏకీభవించలేను. పెద్ద సురాహీ ధనికుని అలమారులో బందీ అయితే, చిన్న లోలకు సామాన్య కుటుంబపు ఆడపడుచు వెంట వీధిలో నడుస్తుంది. కళకు కావలసినది గాజుపెట్టె కాదు, మనుగడ.

అయితే అసలు ప్రశ్న వేరొకటి ఉన్నది. ఆ ఆభరణానికి రూపకల్పన చేయవలసినది ఎవరు? వర్తకుడు ఎక్కడో గీయించిన బొమ్మను తెచ్చి, ముక్కకు ఇంత అని కూలి లెక్కగట్టి చేయించుకోవడం పరిపాటి అయినది. ఇది అన్యాయం మాత్రమే కాదు, అవివేకం కూడా. తుత్తునాగం సుమారు 420 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. వెండికి 960 డిగ్రీలు దాటాలి. కనుక వెండి కొక్కేన్ని బిద్రీ బిళ్ళకు మామూలు వెండి టంకంతో అతకబోతే బిళ్ళయే కరిగిపోతుంది. ఈ లోహం పెళుసైనది. బంగారమువలె సుత్తితో సాగదీయడానికి లొంగదు. చెమట తగిలి, ఒరిపిడి కలిగితే నలుపు తరుగుతుంది. ఈ చిక్కులను ఎరిగినవాడు బిళ్ళను పలుచగా పోసి, వెండి చట్రంలో బిగించి, దేహానికి వెండియే తగిలేటట్లు అమరుస్తాడు. కాగితంపై మాత్రమే బొమ్మ గీసేవానికి ఈ ఉపాయం తోచడం కష్టం. కొలిమివద్ద వ్రేళ్ళు కాల్చుకొన్నవానికి తోస్తుంది. కావుననే, లోహాన్ని ఎరిగినవాడే రూపకర్త కావాలని నా దృఢాభిప్రాయం.

ముక్క కూలికి పనిచేసేవానికి కొత్త నమూనా ఆలోచించే తీరిక ఎక్కడిదని ఎవరైనా అడుగవచ్చును. నిజమే. ఒక నమూనా చెడిపోతే ఆ రోజు పొయ్యి వెలగని ఇంట ప్రయోగాలు సాగవు. అందుకే నమూనాకు వేరుగా ప్రతిఫలం ఉండాలి. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు లభించింది. అది ఊరి పేరును కాపాడుతున్నది. కాని ఒక్కొక్క వస్తువుపై దానిని చేసినవాని పేరు ఏదీ? చిత్రకారుడు పటం అంచున సంతకం చేస్తాడు, కవి తన పేరు చెప్పుకొంటాడు. లోలకు వెనుక రెండక్షరాలు చెక్కుకొనే హక్కు కారీగరుకు లేకపోవడమేమి న్యాయం?

బీదరు కళాకారులు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారిని 2023లో పద్మశ్రీ పురస్కారం వరించింది. ఆయనకు ఆ విద్య తండ్రిగారినుండి సంక్రమించినది. ఆ గౌరవం మనందరికీ గర్వకారణమే. కాని ఒక ఉస్తాదు మెడలో పతకం వేసినంతమాత్రాన తక్కిన పనివారి బ్రతుకులు తీరవు గదా!

విద్యార్థి సోదర సోదరీమణులారా! మనలో కొలిమి ఇళ్ళనుండి వచ్చినవారు ఉండవచ్చును. దరఖాస్తు పత్రంలో తండ్రి వృత్తి అన్నచోట చేయి క్షణం ఆగేవారూ ఉండవచ్చును. ఆ చేయి ఆగనక్కరలేదు. చదువు హునరుకు శత్రువు కాదు. రసాయనశాస్త్రం చదివినవాడు నవాసారపు గుణం తెలుసుకొంటాడు; వాణిజ్యశాస్త్రం చదివినవాడు ఖరీదు లెక్క కట్టగలడు; ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు నేర్చినవాడు దళారి లేకుండా కొనుగోలుదారునికి ఉత్తరం వ్రాయగలడు. మన కళాశాలలు సంవత్సరానికి ఒక్కసారైనా ఒక ఉస్తాదును పిలిపించి, ఉపన్యాసకునితో సమానంగా గౌరవించి, పాఠం చెప్పించుకోవాలి. తండ్రి చేతిలోని ఉలిని కుమారుడో కుమార్తెయో అందుకొంటే సంతోషమే; అందుకోకున్నా తప్పు లేదు. అయితే అందుకొన్న చేతికి బొమ్మ గీసే కలం, పేరు చెక్కే హక్కు రెండూ దక్కాలి. అవి దక్కనినాడు వెండి మెరుస్తూనే ఉంటుంది. దానిని పొదిగిన చేయి మాత్రం చీకటిలో మిగిలిపోతుంది.