నోటి దాకా వచ్చిన పేరు

తెలిసిన పేరే, నోటి దాకా వస్తుంది. బయటికి మాత్రం రాదు. పరీక్షలో మీకూ ఇలా జరిగే ఉంటుంది. నాకు పది రోజులుగా ఒక నాటక సమాజం పేరు ఇలాగే మొరాయిస్తున్నది.

1970 ప్రాంతంలో, నేను అయిదో తరగతి చదివే రోజుల్లో, మా చాట్రాయిలో శ్రీరామనవమి పందిట్లో ఆ సమాజం వారు కృష్ణరాయబారం ఆడారు. తిరుపతి వెంకట కవుల పద్యాల నాటకం. ఎంత గందరగోళమనుకున్నారు! పడక సీనులో కృష్ణుడు పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. రాయబారానికి వచ్చేసరికి తాటిచెట్టంత అయ్యాడు. ఒక్క రాత్రిలో ఇంత ఎలా పెరిగాడా అని నేను నోరు తెరిస్తే, పక్కనున్న మామయ్య, "ఓరి వెర్రివాడా, ఈయన రెండో కృష్ణుడురా!" అన్నాడు. పద్యం కాస్త బాగుంటే చాలు, జనం "వన్స్‌మోర్" అని కేకలు. మధ్యలో చదివింపులు! ఎవరో అయిదు రూపాయలు ఇచ్చారని మైకులో చెబుతూంటే, కౌరవసభలో కృష్ణుడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడ్డాడు. ఇంతలో ఒకరి మీసం ఊడిపడింది. తెర సగంలో బిగుసుకున్నది. తెల్లవారినా యుద్ధం మొదలు కాలేదు. అయినా ఎవరికీ కోపం రాలేదు సుమా!

ఇంత చిందరవందరకూ కారణముంది. అవి కంట్రాక్టు నాటకాలు. కంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, ఇంకో ఊరి నుంచి దుర్యోధనుణ్ణి, మరో చోటి నుంచి హార్మోనిస్టును కుదిర్చేవాడు. చాలాసార్లు వాళ్లంతా ఆ సాయంత్రమే కలుసుకునేవారు. రిహార్సలుకు వ్యవధి ఏదీ? పద్యాలు అందరికీ కంఠతా వచ్చు గనుక బండి నడిచిపోయేది. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి వారు కృష్ణ పాత్రకు ఊరూరా పేరుపొందారు. ఆ పేర్లు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సమాజం పేరే రాదు.

మొదట "శ్రీ" ఉన్నది, చివర "నాట్యమండలి" ఉన్నది. ఇంకేం కావాలంటారా? ఆ రోజుల్లో ఏ సమాజానికి లేవు ఆ రెండూ! మధ్య మాట కావాలి. దానికి నాలుగక్షరాలని గట్టిగా తోస్తున్నది.

ఇది వట్టి భ్రమ కాదు. 1966లో అమెరికాలో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే శాస్త్రజ్ఞులు విద్యార్థులకు అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, ఆ మాట ఏదో చెప్పమన్నారు. మాట తట్టక గింజుకునే వారు కూడా దాని మొదటి అక్షరమేదో, పలకడానికి ఎన్ని భాగాలుంటాయో చాలాసార్లు సరిగా చెప్పారు. అంటే మాట పోలేదన్నమాట! అర్థం దొరికింది, దాని నుంచి ధ్వనికి పోయే దారి సన్నబడింది. పద్యానికి రాగముంది, మీసానికి నవ్వుంది. వాటిని చేరడానికి ఎన్ని దారులో! పేరుకు అన్ని దారులు లేవు.

తోటివాళ్లను అడగరాదా అంటారేమో. అడిగాను. మీసం ఊడినది కర్ణుడిదని ఒకడు, దుర్యోధనుడిదని ఒకడు ఒట్టు పెట్టారు! తలుచుకున్నప్పుడల్లా మనసు కథను మళ్లీ అల్లుతుందనీ, తెగినచోట తనకు సరిపడే పోగు వేస్తుందనీ ఇంగ్లండులో బార్ట్‌లెట్ అనే ఆయన 1932లోనే పుస్తకం రాశాడు. కనుక కాగితం కావాలి. గులాబిరంగు కరపత్రాలు పంచారు గాని, మేము వాటితో పడవలు చేసి కాలవలో వదిలాం. ఆ పందిరి వేసినవారిలో ఇప్పుడు మిగిలింది ఒక్కరే. ఆయనకు తొంభై దాటాయి.

చాట్రాయి, విస్సన్నపేట, ముసునూరు, నూజివీడు వైపు పిల్లలూ! మీ తాతలను, అమ్మమ్మలను అడిగి చూడండి. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడగకండి. ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకంలోకి దూరుతుంది. ముందే పేరు అడగకండి. ఎక్కడ కూర్చున్నారు, ఏం కొనుక్కు తిన్నారు, ఎప్పుడు నిద్రపోయారు, ఇవి ముందు అడగండి. గుడి పెట్టెలో పాత జమాఖర్చుల పుస్తకం ఉంటే, పెద్దల అనుమతితో శ్రీరామనవమి పుటలు తిప్పండి. "నాటకం వారికి ఇచ్చినది" అనే పద్దు పక్కన పేరు ఉండవచ్చు.

దొరికితే కార్డు రాయండి. మధ్య మాటకు నాలుగు కాక అయిదక్షరాలున్నా ఫరవాలేదు.