దీపం వెలుగుతున్నంత కాలమే గుడి

ఐరోపాలోని మాస్ట్రిక్ట్ నగరంలో 13వ శతాబ్దినాటి గోథిక్ చర్చి ఒకటున్నది. డొమినికన్ సన్యాసుల ప్రార్థనలతో ప్రతిధ్వనించిన ఆ మందిరం, 1794లో ఫ్రెంచి సేనలు నగరాన్ని జయించిన తరువాత ఆరాధనకు దూరమైంది. కాలక్రమంలో గిడ్డంగి అయింది, సైకిళ్లు నిలిపే చోటయింది. 2006లో పుస్తకాల దుకాణమైంది. రాతిగోడలు నిలిచాయి, సంతోషమే. కాని అవి ఏ ప్రార్థన కోసం లేచాయో ఆ ప్రార్థన నిలవలేదు.

ఎక్కడి మాస్ట్రిక్ట్, ఎక్కడి మన కరవుసీమ అనిపించవచ్చు. కాని లేపాక్షికి వెళ్లినప్పుడు ఆ కథ గుర్తుకు రాక మానదు. పూర్వపు అనంతపురం జిల్లాలోనిది, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు చెందినది ఈ క్షేత్రం. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దిలో, విరూపణ్ణ కూర్మశైలంపై వీరభద్రస్వామి ఆలయాన్ని నిర్మింపజేశాడు. స్వామి కైంకర్యాలకు సమర్పించిన గ్రామాలను అక్కడి శాసనాలు నేటికీ చెబుతున్నాయి. వానలు కరుణించని నేలపై దేవుని పేరిట ఇంత వైభవం నెలకొనడం సామాన్యమైన విషయం కాదు.

నేడు ఆ ఆలయానికి కొత్త ప్రయోజనాలెన్నో చేకూరాయి. అది పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడం. లతామంటపపు స్తంభాలపై చెక్కిన అల్లికలు చీర అంచులకు నమూనాలయ్యాయి. ప్రభుత్వ హస్తకళల విక్రయశాలలకు దాని పేరే పెట్టారు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఇవన్నీ హర్షింపదగినవే. గుడి పదిమందికి ఉపకరించడం ధర్మవిరుద్ధం కాదు. పూర్వం కూడా గుడి శిల్పికి, చిత్రకారునికి, అర్చకునికి బతుకుతెరువు చూపింది.

విచారం కలిగించేది మరొకటి. వేలాడే స్తంభం కింద వస్త్రాన్ని జరిపి, ఏకశిలా నంది ముందు ఫొటో దిగి, గర్భాలయంవైపు చూడకుండానే తిరిగి వెళ్లేవారున్నారు. మాస్ట్రిక్ట్ మందిరాన్ని రాజ్యం మార్చింది. మన మందిరాన్ని ఎవరూ మార్చనక్కరలేదు; మన అలక్ష్యమే చాలు. పూజలు జరుగుతూనే ఉన్నా, చూసే మన కంటికి అది వట్టి ప్రదర్శనశాల అయిపోతుంది.

కనుక పిల్లలతో లేపాక్షికి వెళ్లినప్పుడు మొదట స్వామి సన్నిధిలో చేతులు జోడించండి. ఆ తరువాత తల పైకెత్తి పార్వతీ కల్యాణాన్ని, కిరాతార్జునీయాన్ని చూపించండి. గోడలను, రంగులను తాకనివ్వకండి. వాటిని కాపాడడమూ కైంకర్యమే. రాతిని శాఖలు రక్షిస్తాయి. దాన్ని గుడిగా నిలిపేది మాత్రం భక్తులే.