హైబ్రిడ్ ట్రక్కు – బ్యాటరీ వెల

అమెరికాలో ఫోర్డ్ సంస్థ 2021లో ప్రకటించిన మావెరిక్ అను చిన్న పికప్ ట్రక్కు ప్రారంభ వెల, రవాణా రుసుము గాక, నాడు 19,995 డాలర్లుగా ఉండెను. ఆ వెలకే హైబ్రిడ్ యంత్రము లభించుట విశేషము. కిటుకంతయు బ్యాటరీలోనే కలదు. దాని సామర్థ్యము సుమారు 1.1 కిలోవాట్ గంటలు మాత్రమే. అదే సంస్థ 2022 నాటి విద్యుత్ ట్రక్కు లైట్నింగ్‌లో చిన్న బ్యాటరీయే 98. ఒక్క బండికి పట్టు సామర్థ్యమును ఎనభైకి పైగా బండ్లకు పంచవచ్చునన్నమాట! బ్రేకు వేసినపుడు వృథా కాగల శక్తిని ఈ చిన్న బ్యాటరీ దాచి మరల చక్రములకిచ్చును. అందుచేతనే నగరములో గాలనుకు 42 మైళ్లు, అధికారిక లెక్క ప్రకారము. పెట్రోలు పూర్తిగా మానదు, నిజమే. అయినను పెద్ద బ్యాటరీ వెల భరింపలేని వడ్రంగికి, తోటమాలికి ఇదియే తగినదని నా అభిప్రాయము. అట్టి హైబ్రిడ్‌కు 2024 మోడలులో 1,500 డాలర్లు అదనముగా అడుగుట మాత్రము న్యాయము కాదు.