లేనిది బుర్ర కాదు, బువ్వ

"మాల మాదిగ పిల్లలకి చదువెక్కడ అబ్బుద్ది? బుర్రుంటే గదా!" ఈ మాట రచ్చబండ మీదే కాదు, బడుల్లో పంతుళ్ళ నోట కూడా వింటూనే ఉన్నాం. బుర్ర గురించి అంత తేలిగ్గా తీర్పు చెప్పేవాళ్ళు, ఆ పిల్లోడు రాత్రి ఏం తిన్నాడని ఎప్పుడన్నా అడిగారా?

మెదడు మన ఒంటి బరువులో నూటికి రెండు వంతులే. అయినా ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. ఎదిగే పిల్లల్లో ఇంకా ఎక్కువ. అది నడిచేది ముఖ్యంగా నెత్తురులోని చక్కెర మీద, అంటే గ్లూకోజు మీద. కూలోడి ఇంటికి గాదె లేనట్టే మెదడుకీ నిలవ లేదు. ఎప్పటికప్పుడు నెత్తురు తెచ్చివ్వాల్సిందే. తిండి లేని పూట కాలేయం తన దగ్గరున్న నిలవ తీసి ఆదుకుంటుంది. బక్కచిక్కిన బిడ్డకు ఆ నిలవ కూడా తక్కువే.

నెత్తురులో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే పడిపోతే ప్రమాదం మొదలైనట్టు. ముందు చెమట, వణుకు, గుండెదడ. ఇంకా దిగితే చూపు మసక, మాట తడబాటు, తిక్కతిక్కగా మాట్లాడటం. ఆపైన ఫిట్సు, స్పృహ తప్పటం. అట్లాగే వదిలేస్తే మెదడు దెబ్బతింటుంది, ప్రాణమూ పోతుంది.

బీహారులోని ముజఫర్‌పూర్‌లో జరిగింది ఇదే. అక్కడ లిచీ పండ్ల తోటలెక్కువ. ఏటా ఎండాకాలం పేదల పిల్లలు తెల్లారుజామున ఫిట్సుతో పడిపోయేవాళ్ళు. ఏదో మెదడువాపు వైరస్ అని ఏళ్ళ తరబడి అనుకున్నారు. 2014లో రెండు పెద్దాసుపత్రుల్లో చేరిన 390 మందిలో 122 మంది చనిపోయారు. చక్కెర పరీక్ష చేసిన 327 మందిలో 204 మందికి అది 70, అంతకంటే తక్కువ. లిచీలోని ఒక పదార్థం ఒళ్ళు కొత్తగా చక్కెర తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. రాత్రి అన్నం తిన్న పిల్లలకు ఆ పండుతో ముప్పు తక్కువ. తోటలో పండ్లు తిని, రాత్రి అన్నం లేకుండా పడుకున్న పిల్లల్నే అది ఎక్కువగా పట్టుకుంది.

సాయంత్రం కడుపునిండా తిండి, ఆసుపత్రికి రాగానే చక్కెర పరీక్ష, వెంటనే గ్లూకోజు. మందు ఇంత చవక. అయినా 2019లో మళ్ళీ నూట యాభై మంది దాకా పిల్లలు పోయారు. ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలోళ్ళ బిడ్డలే. నిందంతా లిచీ మీద వేశారు. ఆకలి మీద వేస్తే సర్కారు జవాబు చెప్పాలి గదా!

ఆకలిగా ఉన్న ప్రతి బిడ్డకూ ఫిట్సు వస్తాయని కాదు. కానీ ఖాళీ కడుపుతో కూచున్న బిడ్డకు పాఠం మీద ధ్యాస నిలవదు. దాన్ని మొద్దుతనం అనటం కుల పొగరు.

మన వాడల్లో ఒకటి గుర్తుంచుకోండి. షుగరు బిళ్ళ మింగి, తినకుండా పనికి పోయిన పెద్దోళ్ళకూ ఇదే ముప్పు. తూలుతుంటే తాగాడని నవ్వొద్దు. తెలివిలో ఉంటే పంచదార నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. పోగానే చక్కెర చూడమని అడగండి.

2001లో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చాక, 2003 నుంచి మన బడుల్లో మధ్యాహ్నం అన్నం వండిపెడుతున్నారు. అది ఎవరో పెట్టిన ముష్టి కాదు, కొట్లాడి తెచ్చుకున్న హక్కు. కానీ రాత్రి పస్తున్న బిడ్డ మధ్యాహ్నం దాకా ఏ బలంతో చదవాలి? తమిళనాడు 2022 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పొద్దున్నే టిఫిను పెడుతోంది. మన బడులన్నిట్లో పొద్దుటి తిండి హక్కు కావాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట కూడా చక్కెర పరీక్ష, గ్లూకోజు ఉండాలి. ఈసారి గ్రామసభలో మన మొదటి అర్జీ ఇదే కావాలి.

జై భీమ్!